నాలుగో మచ్చ

రెండు సీసాలు.
రెండూ దగ్గుమందువే, లేబుళ్లు గీకేసినవి.
ఒకటి ఉత్త పసరు, నూటయాభై.
రెండోది ధర్మాజీ మాస్టారు ఇరవయ్యొక్క నిమిషాలు
అరచెయ్యి తాకీ తాకకుండా పైన పట్టింది, నాలుగొందలు.
మొగల్తూరు రోడ్డులో మేడ మీద గది.
చెప్పులు మెట్ల కిందే విడవాలి,
చేతి గడియారం కూడా తీసెయ్యాలి,
లేకపోతే శక్తి చెదిరిపోతుందట.

వరహాలమ్మ పెద్దమ్మ నలభై ఏళ్లు లేసు అల్లింది.
కొక్కెం పట్టిన వేళ్లు ఈ మధ్య పొద్దున్నే
తెరుచుకోమని మొరాయించేవి,
వానకి ఉబ్బిన తలుపుల్లా.
మూడు సీసాలు తాగింది. తెరుచుకున్నాయి.
కాదనడానికి నేనెవర్ని?
బుగ్గలు కూడా నిండాయి.
"మొహంలో కళొచ్చిందే" అన్నారు పేటలో.
ఆ గుండ్రదనమే నాకు నచ్చలేదు.

నేను డాక్టర్ని కాదు,
నరసాపురం కాలేజీ ల్యాబులో గాజుసామాను కడిగేదాన్ని,
కడిగీ కడిగీ కాస్త నేర్చుకున్నదాన్ని.
వావిలాకు నేనే కోశాను, లాకుల దగ్గర కాలవగట్టున,
అయిదేసి రెక్కలు, అడుగున బూడిద రంగు,
రాత్రిదాకా చేతిని వదలని ఘాటు.
నీడన ఆరబెట్టి, దంచి, కాగితం గొట్టంలో కూరి
సాక్స్‌లెట్‌కి ఎక్కించాను.
చూశారా ఎప్పుడైనా? అదీ ఒక లాకే.
నిండుతుంది, నిండుతుంది,
అంచుదాకా వచ్చి గుటుక్కున దిగిపోతుంది,
మళ్లీ నిండుతుంది.
దాటే పడవే ఉండదు.
సాయంత్రానికి ఆకు తెల్లబోయింది,
మిథనాల్ పచ్చబడింది.

గాజు పలక మీద తెల్లటి పూత, అడుగున పెన్సిల్ గీత.
గీత మీద నాలుగు చుక్కలు పెట్టాను:
నా ఆకు, ఉత్త సీసా, శక్తి సీసా,
చివర్న, మందులషాపులో కొన్న తెల్ల బిళ్ల, నలిపి.
ద్రావకం మెల్లగా పైకి పాకింది,
పోటు రోజుల్లో మట్టిగోడకి చెమ్మ ఎక్కినట్టు.

దీపం కింద పలక ఆకుపచ్చగా వెలిగింది,
మచ్చలు నల్లగా తేలాయి.
నా ఆకుకి మూడు.
ఉత్త సీసాకి మూడు, పైన ఇంకోటి.
శక్తి సీసాకి ఆ మూడే, పైన ఆ ఇంకోటే.
బిళ్లకి ఒకటే,
సరిగ్గా ఆ ఎత్తులో.

ఇరవయ్యొక్క నిమిషాలూ ఎక్కడున్నాయా అని
పలక తిరగేసి కూడా చూశాను.

ఒకే ఎత్తున్న ఇద్దరు ఒకే మనిషి కారు గనక
కాకినాడ పంపాను, పెద్ద మిషన్‌కి.
పదకొండో రోజు కాగితం వచ్చింది.
స్టెరాయిడ్.
వావిలి ఏ కొమ్మకీ కాయనిది.

పెద్దమ్మ పలక చూపించమంది.
కళ్లజోడు నుదుటికి నెట్టి దీపం కిందకి వంగింది,
షావుకారుకి సరుకు అప్పగించే ముందు తప్పులు వెతికే చూపుతో.
మూడు మచ్చలూ వేలితో దాటి
నాలుగో దాని దగ్గర ఆగింది.
"ఈ కన్ను ఈ అల్లికలోది కాదే."

పారబోసేస్తానని లేచింది.
వద్దని నేనే చెయ్యి పట్టుకోవాల్సొచ్చింది.
ఒక్కసారి మానేస్తే ఒళ్లు కుప్పకూలుతుందట,
ఆసుపత్రి డాక్టరమ్మ వారం వారం తగ్గించి రాసిచ్చింది.
"అంతేలే" అంది పెద్దమ్మ,
"విప్పేటప్పుడు దారం గుంజకూడదు."
ఆ తర్వాత, రిక్షా ఎక్కబోతూ,
"మరి ఆయన చెయ్యి వెచ్చగా తగిలేదే?"
నా రికార్డు పుస్తకంలో దానికి గడి లేదు.

డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి అర్జీ పెట్టి నెల దాటింది.
నిన్న ఆ మేడ మెట్ల కింద చెప్పులు లెక్కపెట్టాను,
ముప్పైనాలుగు జతలు.
అందులో ఒకటి, బొటనవేలి పట్టీకి తెల్లదారం కుట్టు వేసింది,
మా కెమిస్ట్రీ లెక్చరర్ గారిది.
నా రికార్డు మీద సంతకం పెట్టేది ఆయనే.