అడుగుల లెక్క

నా కూతురు నడవలేదని ఎవరన్నారు?
నడుస్తాది.
మంచం కాడి నుంచి గడప దాకా, బడి గేటు నుంచి బెంచీ దాకా,
మంచి దినమైతే నూటిరవై అడుగులు.
ఆ తర్వాత మోకాళ్ళు
తడిసిన అట్టల మాదిరి లోపలికి మడుచుకుంటాయి.

అందుకే తన్మయి అడుగుల్ని
డబ్బీలో చిల్లర దాచినట్టు దాస్తాది.
కర్నూలుకు ఎగ్జిబిషన్ వచ్చిందని తెలిసిన దినం
నోటుబుక్కు వెనక అట్ట మీద రాసుకుంది:
జెయింట్ వీల్ ఎక్కను పద్దెనిమిది, దిగను పద్దెనిమిది,
అద్దాల గదికి నలభై.
కింద పదకొండు. దాని పక్కన ఏమీ రాయలేదు.
ఏందే అంటే బుక్కు మూసేసింది.

బండి మా ఆడబిడ్డ పంపింది.
బెంగుళూరులో తాను గిన్నెలు తోమే ఇంట్లో పారేయబోతాంటే అడుక్కొని
బస్సు టాపు మీద వేయించింది.
రెండేండ్ల బిడ్డకు చేసిన బండి,
గొడుగు మీద పసుప్పచ్చ బాతులు.
"నాకు తొమ్మిదేండ్లమ్మా" అనింది తన్మయి. అంతే అనింది.
రాత్రికి రాత్రి మిగులు యూనిఫారం గుడ్డ, నీలంది,
బాతుల మీద కుట్టేసినాను.
ఒక బాతు ముక్కు మాత్రం
అంచు కింద నుంచి ఇంకా తొంగిచూస్తాది.

కాళ్ళు పెట్టే పలకను ఖాజా హుసేన్ రెండు జానలు కిందికి దించినాడు.
చిన్న చక్రాలు పీకేసి పిల్లల సైకిలువి వేసినాడు.
కూలి ఎంత భాయ్ అంటే
"పైకి పోయినాక నా అంగడి కనపడతాదేమో చూసి చెప్పమ్మీ" అన్నాడు,
నాతో కాదు, దాంతో.

నాపరాళ్ళ మీద దడదడమనే బండి
మైదానంలోకి దిగంగానే మూగబోయింది.
నిన్నటి వానకు నల్లరేగడి చక్రాలకు ముద్దలు ముద్దలు.
పుల్లతో గీకుతా, తోస్తా, మళ్ళా గీకుతా.

టికెట్టు కాడ మీసాలాయన:
"చంటిపిల్లల బండ్లకు అవతల గేటు."
వెనక ఒకామె:
"గాడిదంత పిల్లను కూర్చోబెట్టి తోస్తాంది చూడు, గారాబం."
వీల్ మెట్ల కాడ తన్మయి లేచి నిలబడితే అదే గొంతు:
"అరె, నడుస్తాందే! మరి బండెందుకంట?"
కూర్చుంటే గారాబం, లేస్తే నాటకం.
నాకు కోపమొస్తే నత్తి.
మొదటి అక్షరం కాడనే నేను తడుముకుంటాంటే
తన్మయి నా చెయ్యి గిల్లింది:
"నిలబడినా లెక్కలోకే వస్తాదమ్మా. పద."

పైన నేను కండ్లు మూసుకున్నాను.
అది మూసుకోలేదు.
ఒక్కసారి తెరిస్తే కింద మా బండి ఒక్కటే,
వాకిట్లో విడిచిన చెప్పు మాదిరి.
ఏం చూసినావంటే చెప్పలేదు.

అద్దాల గదిలో
ఒక అద్దంలో దాని కాళ్ళు తాటిచెట్లంత పొడుగు.
నా గొంతు ఎండిపోయింది.
అదేమో ఆ పక్కకే చూడలేదు,
నా వంక వేలు పెట్టి "అమ్మా, నువ్వు కాగు!" అని
కడుపు పట్టుకొని నవ్వింది.
నిజమే, నేను కాగే.
నవ్వినా బలం పోతాదని
ఇద్దరమూ మరిచిపోయినాము.

ఢిల్లీ అప్పడం సగం తిని సగం ఒళ్ళో పెట్టుకొని
తిరుగుదోవలో కునుకుతాందనుకున్నాను.
"ఆపు" అనింది.
ఇంకేం మిగిలుంటాయని?
ఆపు, అనింది మళ్ళా.

ఖాజా హుసేన్ షట్టరు సగం దించినాడు.
తన్మయి దిగింది.
మురుగుకాలవ మీది బండ దాటింది.
ఏడు, ఎనిమిది... కమ్మీ అందక ఆగింది...
తొమ్మిది. పది. పదకొండు.
షట్టరు పట్టుకొని ఊపిరి తిప్పుకుంది.
"అంగడి కనపల్యా తాతా.
నీ పచ్చ బల్బు కనపడింది. మినుకుమినుకుమంటాంది, బిగించుకో."

ఆయన స్టూలు కోసం లోపలికి పోయినాడు.

తిరిగి రాను అది ఏమీ దాచుకోలేదు.
కాలవ బండ మీద ముందు చక్రాలు ఎత్తి
బండిని దాని కాడికి తోసినాను.