తోమా వేలు

జులై మూడు.
నాపరాళ్ల గనికి సెలవు.
కంప్రెసర్ నోరు మూసుకొని పడుంది.
ఊరంతా ఒళ్లు తోముకొనింది.
గోళ్ల సందున మిగిలిన తెల్లదుమ్ము
పండగ రోజు గూడా పోదు, పోనీ.

గుడి ముందర ట్రాక్టరు ట్రాలీకి
అరటి పిలకలు గట్టి, సీరియల్ బల్బులు చుట్టి
తేరు చేసినారు పిల్లోళ్లు.
డీజిల్ వాసనా సాంబ్రాణి వాసనా
ఒకదాని మెడ మీద ఒకటి చెయ్యేసుకొని నిలబడినాయి.

ఫాదరు మలయాళపాయన.
మన తెలుగు ఆయన నోట్లో పడవెక్కి ఊగుతాది.
"పునీత తోమాగారు ఓడ దిగింది మా రేవులోనే," అన్నాడు మురిసిపోతా,
"ఈ దేశానికంతా ఆయనే అపోస్తలుడు."
వెనక వరసలో ఇన్నాసమ్మవ్వ ఊరుకుంటాదా?
"దిగితే దిగినాడులే సామీ,
మబ్బుల మూటలన్నీ ఆ రేవులోనే ఇప్పేసి
మా కాడికి వట్టి చేతుల్తో వచ్చినట్టుండాడే!"
ఫాదరే ముందు నవ్వినాడు.
తర్వాత మేము.
ఆకాశం మాత్రం నవ్వల్యా.

వట్టి చేతులు గాదులే అవ్వా.
ఒక చేతిలో మూలమట్టం,
మేస్త్రీల సామి గదా.
రెండో చెయ్యి ముందుకు చాపినాడు,
గాయాన్ని వెదికే చెయ్యి.
ఆ చేతి చూపుడువేలు ఒక్కటే నల్లగుంటాది.

మూడేండ్ల కిందట తేరు గుంతలో పడి
సామి వేలు పుటుక్కున ఇరిగింది.
అపశకునమన్నారు. కొత్త స్వరూపం తెప్పిద్దామన్నారు.
చందా పుస్తకం గూడా కొట్టించినారు.
చౌరప్ప ఏమీ అనల్యా.
పాలిష్ మిషను ఆయన చూపుడువేలు తినేసి
అప్పటికి రెండేండ్లు.
కంపెనీ ఇచ్చిన దుడ్డు
గాయం మానకముందే అయిపోయింది.
మిగిలిన నాలుగు వేళ్లతో వారం దినాలు కూకొని
మా గని రాయినే చెక్కి చెక్కి
గోరుతో సహా, కణుపు మడతల్తో సహా
వేలు చేసి అతికించినాడు.
"నీ వేలే పెట్టేసినావు గదప్పా" అంటే
"నాది ఇంకా లావు" అన్నాడు.

ప్రసంగంలో ఫాదరు
తోమా మాదిరి సందేహించొద్దు అంటాడు ప్రతి ఏడూ.
నాకు ఆ సందేహానికే ఈ సామి ఇష్టం.
వేలు పెట్టి చూస్తే గానీ నమ్మనన్నాడు.
మేమూ అంతే.
రేడియో వానను నమ్మం,
సెల్లులో తేలే మబ్బుబొమ్మను నమ్మం,
ఇన్సూరెన్సు కాయితాన్ని,
ఓట్ల ముందర మాత్రం పారే కాలవను నమ్మం.

తేరు ఊరు దాటి చేన్ల దావ పట్టింది.
రాత్రి ఒక జల్లు పడింది,
వాన అనాల్నో, ఎవరో బకెట్టు ఇసిరినారనాల్నో.
చౌరప్ప చేను కాడ ట్రాక్టరు ఆగింది.
ఆయన గట్టు దిగి మోకాళ్ల మీద కూకున్నాడు.
ప్రార్థన అనుకొని అందరూ పాట ఆపేసినారు.
అలవాటుగా వేలి మొండిని మట్టికి ఆనించినాడు.
గుర్తొచ్చి,
నడివేలు దించినాడు ఎర్రనేలలోకి.
ఒక కణుపు.
రెండు.
ట్రాలీ మీంచి నల్లవేలు అటే చూపెడతాంది.

"నా ప్రభువా, నా దేవా" అంటాడేమోనని
ఫాదరు కాసుకోనుండాడు.
చౌరప్ప వేలు తీసి
చెంపకు ఆనించుకున్నాడు, వాసన చూసినాడు.
"రెండు కణుపుల పదునుంది.
మూడోది అడగొద్దండి.
పొద్దున గొర్రు కట్టల్ల."

అవ్వ సిలువ గుర్తేసుకొని
కొంగులోని బొరుగులు పిల్లోళ్లకు పంచింది.
తేరు కదిలింది,
గుంతలు చూసుకుంటా.