జెర్రిబాబు కాళ్ళు

ఈ ఏడు మాఘం పెళ్ళిళ్ళన్నిటా
బరంపురం బ్యాండువాళ్ళు ఒక్కటే వాయించారు.
పెళ్ళికొడుకు మేనమామలు, నెత్తిన లైట్లు మోసే కుర్రాళ్ళు,
ఉపవాసం ఉన్న ఒక ముసలమ్మ కూడా
ఎడమకాలు దింపి,
రెప్పపాటు ఆగి,
కుడికాలు దింపి, మళ్ళీ ఎడమ.

ఆ ఆగడం ఉందే,
అది నేను పెట్టింది కాదు.

జెర్రిబాబు మీకు తెలిసే ఉంటాడు.
నారింజరంగు ఒళ్ళు, నల్లకళ్ళద్దాలు,
నలభై కాళ్ళకి నలభై బూట్లు.
నిమిషంన్నర పాట, మాటలు పదకొండు:
ఆరు ఒడియా, నాలుగు తెలుగు,
ఒకటి ఏ భాషో పాడినమ్మాయికే తెలీదు.
ఆమె గొంతుని మేమే సన్నగా చెక్కి
ఈల కన్నా పైకి ఎక్కించాం.
వీడియోలో వాడు బడాబజారు గోడలు పాకుతాడు,
గోపాల్‌పూర్ లైట్‌హౌసుకి తీగలా చుట్టుకుంటాడు,
పోలీసు కాలర్లో దూరి చొక్కాచేతిలోంచి వస్తాడు.

గేట్ బజార్లో టైర్లకొట్టు మీది గది.
నలుగురం, ఒక ఫ్యాను,
పూర్ణచంద్ర మహారణా అప్పుచేసి కొన్న మూడు కంప్యూటర్లు.
"నవ్వు రావాలి," అన్నాడాయన,
"పదిహేను రోజుల్లో రావాలి."

జెర్రిని నడిపించడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.
అన్ని కాళ్ళూ ఒకేసారి కదిలితే దువ్వెన,
దేనికది కదిలితే రైలు దిగే జనం.
పన్నెండో రాత్రి ఇంటికొచ్చి
పెదనాన్న మగ్గం పక్కన గచ్చుమీద వాలాను.
చెవి నేలకి ఆనింది.
టక్కు. టక్కు. సందు.
టక్కు.

మా చౌడయ్య పెదనాన్న కాళ్ళని
నాకు ఊహ తెలిశాక ఎవరూ సరిగ్గా చూడలేదు.
పొద్దున్నే గుంటలోకి దిగుతాయి,
దీపాలవేళకి పైకొస్తాయి.
పట్టుచీర కొనేవాళ్ళు అంచు చూస్తారు,
కుంభాల వరస లెక్కపెడతారు,
తిరగేసి ముడులు తడుముతారు.
చీకట్లో తొక్కిన పాదంతో ఎవరికి పని?
కుడి మోకాలు ఏనాడో బిగుసుకుపోయింది.
దిగే ముందు కాస్త ఆలోచించుకుంటుంది.
అంతసేపూ నాడె ఆయన చేతిలో
ఎగరబోయే పిచ్చుకలా ఆగి ఉంటుంది.

ఫోను లైటేసి గుంటలోకి వంగాను.
"ఏటే, ఎలకేటైనా దూరిందా?"
"నీ కాళ్ళు కాసేపు కావాలి పెదనాన్నా."
"అట్టుకెల్లు. ఒకటి ఎలాగూ పన్జెయ్యదు."
నాలుగు సెకన్లు తీసుకున్నాను.

ఆ రెండు కాళ్ళనీ ఇరవైసార్లు అతికించి
ఒక్కో జతనీ ముందుజత కన్నా రవ్వంత ఆలస్యంగా వదిలాను.
జెర్రి లేచింది.
ఆగింది. అడుగేసింది.
మహారణా కుర్చీలోంచి లేచి, తనకి తెలీకుండానే,
ఎడమకాలు దింపాడు.

ఆఖర్న పేర్లు పరిగెత్తే చోట
"కాళ్ళు: చౌడయ్య" అని వేశాను.
జనం అంతదాకా చూడరని ఆయన కత్తిరించాడు.
వెయ్యికాళ్ళ జెర్రికి ఒక కాలు విరిగితే లెక్కా
అంటారు మా ఇంట్లో, ఏ నష్టమొచ్చినా.
లెక్కే.
దాని మీదే నాకు జీతం పెరిగింది.

చైత్రంలో ఠాకురాణి పుట్టింటికొచ్చింది.
రెండేళ్ళకోసారి ఊరికి నిద్రుండదు.
పులులు, రాక్షసులు, మొక్కు వేషాలు,
ఒంటినిండా పసుపూ బూడిదా.
అరుగు మీద పెదనాన్న,
కాళ్ళు రెండూ ముందుకి చాపుకుని,
ఎండ ఎరగని తెల్లటి పాదాలు.
డప్పుల వెనకాల ఓ పిల్లాడు,
నారింజ గుడ్డ చుట్టుకుని, నడుముకి రెండు పక్కలా
గడ్డి కుక్కిన పాతమేజోళ్ళు వేలాడేసుకుని,
ఎడమకాలు దింపాడు.
ఆగాడు.

పెదనాన్న ముందుకి వంగాడు.
చాలాసేపు చూశాడు.
నా గుండె గుంటలోకి జారింది.

"పాపం, ఎవలి గుంటడో.
మోకాలు పట్టేసినట్టుంది.
నువ్వులనూనె కాసి రాయమను."

డప్పులు మలుపు తిరిగాయి.
పక్కసందులోంచి
ఇంకో జెర్రి వస్తోంది.