పదును

బదర్ చెప్పిపోయిన లెక్క ఇది:
మీటరు ముల్లు అరవై దగ్గర నిలబడాల.
యాభైకి దిగితే నీళ్ళు చల్లు,
డెబ్బై దాటితే మూత మీది తడిగుడ్డ తీసెయ్.
తిండికి తొందరపడొద్దు రెడ్డెమ్మా,
గాలిలో తడి చూసుకో, చాలు.

చెప్పి, బూట్లు బిగించుకోని
పట్టాళం శిక్షణకు పోయినాడు.
ఫోను శుక్రవారమే చేతికిస్తారంట.

పాము పేరు లూలూ.
ముత్యమని అర్థమంట.
నాకు లూలూ అంటే సరుకుల అంగడి,
అందుకే ఆ గది తలుపు తీసినప్పుడల్లా
ఏదో కొనడం మర్చిపోయినట్టే ఉంటుంది.

మామా ఆ దిక్కు రాదు.
బాబా తలుపు బయటినుంచే "బతికే ఉందా?" అంటాడు.
గోడమీది ఏసీ మాత్రం రేయింబవళ్ళు
గదిలో తడినంతా జుర్రుకోని
పైపు గుండా బయట పారబోస్తుంటుంది.
ఆ చుక్కల కింద ఒక పిచ్చిమొక్క.
కువైట్‌లో, ఈ సల్వా వీధిలో
ఎవరూ నాటకుండా మొలిచింది అదొక్కటే.

మొదటిసారి కుబుసం ముక్కలుముక్కలుగా ఊడింది,
ఎర్రగడ్డ పొట్టు మాదిరి.
ఎడమ కంటి మీది పొర ఊడనే లేదు.
మీటరేమో అరవై చూపిస్తా ఉంది.
అది గాజుకు పైన అంటించిన మీటరు.
పాము పండుకునేది కింద.
నేలకు ఎంత దప్పికో
ఆకాశాన్ని అడిగితే ఏం తెలుస్తుంది?

ఆ పొద్దే దాన్ని పీకి కింద పెట్టినా.
నలభై ఒకటి.

కేరళ నుంచి ఇటుకల మాదిరి వస్తుంది కొబ్బరి పీచు,
బకెట్లో నానేస్తే ఉబ్బి నల్లమట్టి అవుతుంది.
రాయచోటి దిక్కు మాది ఎర్రమట్టి.
వానపడిన మర్నాడు మా నాయన చేలోకి పోయి
జానెడు లోతు గిల్లి, పిడికిట్లో పట్టి పిసికేవాడు.
ఉండ కావాల. బొటనవేలు తగిలిస్తే పగలాల.
నీళ్ళు కారినా విత్తడు, పొడి రాలినా విత్తడు.
"పదునుంది" అన్నాడంటే
చెనిక్కాయల మూటలు విప్పేవాళ్ళం.
మూడేండ్లకు ఒకసారి అనేవాడు ఆ మాట.

అదే పిడికిలి గాజుపెట్టెలోకి దించినా.
పిసికి, విడిచి, మళ్ళీ పిసికి.
ఎక్కువ తడిపితే పొట్ట కింద పొలుసులు ఎర్రబడి కుళ్ళిపోతాయి,
తక్కువైతే పాత చర్మం ఒంటిని వదలనంటుంది.
ఇస్త్రీకి నీళ్ళు చల్లే సీసాతోనే చల్లుతా,
ఒంటి మీద కాదు, పక్కన.
నీళ్ళగిన్నె వెచ్చటి మూలకు జరిపినా.
పెరుగు డబ్బాకు బొక్క కోసి
నాచు తడిపి లోపల పరిచినా.
షమాల్ ఊదే దినాల్లో మూత సగం కప్పుతా.
కౌస్ గాలి తిరిగిన రాత్రి
కిటికీ అద్దాలు బయటినుంచి చెమట పడతాయి,
అప్పుడు లేచి, గుడ్డ తీసేసి, మళ్ళీ పండుకుంటా
ఆ గదిలోనే, చల్లగుంటుందని.
నా మడమలకేమో వాజలిను.

మొన్న కండ్లు పాలనీలం తిరిగినాయి.
నాలుగు దినాలు డబ్బాలోంచి రాలేదు.
ఐదో తెల్లారి
ముక్కు రాయికి రాసి, పెదవి దగ్గర మొదలుపెట్టి
మేజోడు తిప్పి తీసినట్టు
మొత్తం విడిచి, మెరుస్తా పక్కకు పోయింది.
తడి ఆరకముందే ట్యూబులైటుకు ఎత్తి చూసినా:
తల దగ్గర రెండు చిన్న అద్దాలు.
రెండూ ఉన్నాయి.
మూరేసి చూస్తే మూడు మూరలు.
అకామా కాయితాలు పెట్టుకునే అట్టపెట్టె మీద ఆరబెట్టినా.

శుక్రవారం వీడియోలో బదర్ అడిగినాడు:
"మీటరు ఎంతలో పెట్టినావు?"
చూడలేదన్నా.
"మరి ఎట్లా?"
పదును అన్నా, తెలుగులోనే.
ఈడకొచ్చి తొమ్మిదేండ్లు,
అరబ్బీలో ఎంత తడిమినా ఆ మాట చేతికి రాలేదు.
అందుకని చెయ్యి ఎత్తి చూపించినా,
ఇట్లా మూసి, ఇట్లా
తెరవబోతుండగా బొమ్మ నిలిచిపోయింది.

వాడికి ఎంతసేపు కనబడిందో
నా మూసిన పిడికిలి.
"కోపమా రెడ్డెమ్మా?" అని మెసేజి వచ్చింది.

వేళ్ళ సందుల్లో పీచు అంటుకోనుంది.
కడుక్కోని జవాబిస్తా.