పాల లెక్క

బ్రాడీపేటలో అడ్డరోడ్డు దాటాక
ఓబులేశం గారి కారు షెడ్డు.
కారు దాంట్లో ఎన్నడూ లేదు.
తవుడు బస్తాలుండేవి, ఓ విరిగిన నవారు మంచం,
ఆ తర్వాత వాళ్ళిద్దరూ.

ఇప్పుడు వాకిట్లో నల్లరాతి పలక,
ఇత్తడి గొలుసు, లోపల ఏసీ.
చెప్పులు బయట విడవమన్నారు.
పేడకాళ్ళతో ఆ నేలంతా తొక్కినవాణ్ణి,
విడిచాను.

"ఇక్కడే పుట్టింది" అని ఉంది పలక మీద.
కూడబలుక్కుని చదివాను.

పుట్టినప్పుడు నేనున్నాను.
ఎనభై మూడో ఏడు, రోళ్ళు పగిలే ఎండలు.
విశ్వంభరం లుంగీ మీద, మీరావలి బనీను మీద,
మధ్యలో చెక్కబల్ల,
బల్ల నిండా పేగుల్లాగా తీగలు.
యార్డు నుంచి రిక్షాలో తెచ్చుకున్న ఒకే ఒక్క మిర్చి టిక్కీ.
ఎత్తడం, కాటా మీద పెట్టడం, తుమ్మడం.
ఎర్రంకెలు వెలిగేవి:
నలభై, నలభై రెండు, ముప్పైతొమ్మిది,
మళ్ళీ నలభై.
"పూనకం వచ్చింది దీనికి, యలమందా,
వేపమండలు తే" అనేవాడు మీరావలి,
ఘాటుకి కారే ముక్కు బనీనుతో తుడుచుకుంటూ.

వాళ్ళ టీకి పొద్దున అరలీటరు నేనే పోసేవాణ్ణి,
బుడంపాడు నుంచి సైకిలు మీద వచ్చి.
డబ్బులు రేపనేవాళ్ళు.
ఆ రేపు ఏ పంచాంగంలోనూ లేని తిథి.
అందుకని బొగ్గుముక్కతో గోడ మీద
రోజుకో గీత,
అయిదో రోజున నాలుగింటి మీదా అడ్డంగా ఒకటి.

ఆ గోడకి ఇవాళ అద్దం బిగించారు.
మెళ్ళో కార్డు వేలాడేసుకున్న అమ్మాయి
బడిపిల్లలకి చెబుతోంది:
"ఇవి మన వ్యవస్థాపకుల తొలి లెక్కలు.
ఎంత బరువుకి కాటా ఎంత కదలాలో
రాత్రింబవళ్ళు ఈ గోడ మీదే గీసి చూసుకున్నారు."
పిల్లలు నోటుపుస్తకాల్లో ఎక్కించుకుంటున్నారు.
ఒకడు వంకర గీతని వంకరగానే దించుతున్నాడు.

నోటిదాకా వచ్చింది.
అది నా వంకరేరా అబ్బాయ్,
ఆ ముందురోజు గేదె కుమ్మింది, చేతికి కట్టు.

అలవాటు చావదు కదా, లెక్కపెట్టాను.
నలభై ఒకటి.
ఆటోనగర్‌కి రాత్రికి రాత్రే మారిపోయారు.
ఓబులేశం గారి అద్దె ఎగ్గొట్టడానికన్నారు.
నా బాకీ ఎగ్గొట్టాలని కాదు,
నేను గుర్తుకి రాలేదు, అంతే.

ఇప్పుడు యార్డులో ఏ టిక్కీ అయినా
వాళ్ళ కాటా ఎక్కాల్సిందే.
మా బావమరిది పది ఎకరాల కౌలు రైతు.
తూకంలో దలారి మోకాలి కింద పోయే రెండు కిలోలు
ఇప్పుడు పోవడం లేదంటాడు.
అంకె వెలిగితే రెప్ప వెయ్యకుండా చూస్తాడు,
పుట్టిన పిల్ల మొహం చూసినట్టు.

నలభై ఒక్క అరలీటర్లు.
వడ్డీతో ఎంతవుతుందో
ఆ అమ్మాయి ఫోనులో నొక్కి చెప్పేసేదే.
అడగలేదు.

ఆ ఎండాకాలం గేదె వట్టిపోవడానికి వచ్చింది.
దారిలో కాలవ దగ్గర దిగేవాణ్ణి,
క్యాను మూత తీసి.
ఎన్ని చెంబులో
నేనే గోడ మీదా గీసుకోలేదు.