రెండు గడియారాలు

ఓర్మి ఊళ్లో మా గుడికి రెండు గోపురాలు,
రెండు గడియారాలు.
ఒకటి సరిగ్గా నడుస్తుంది, రెండోది ఎప్పుడూ తప్పే.
పూజ వేళ సైతానుకి తెలియకూడదని
పెద్దవాళ్లు కావాలనే అలా పెట్టించారట.
సైతాను సంగతేమో గానీ
ముప్ఫై ఏళ్లుగా తికమకపడుతున్నది నేను.

సత్ప్రసాదానికి గంట ముందునుంచీ నోట్లో ఏమీ పడకూడదు.
నేనేమో రొట్టెలవాణ్ణి.
రాత్రి రెండింటికి లేచి పొయ్యి రాజేసి
తెల్లారేసరికి నాలుగొందలు దించుతాను.
వేడి రొట్టె విరిస్తే లేచే ఆవిరి
తిన్న లెక్కలోకొస్తుందా అని డున్ లాజరుని అడిగాను ఒకసారి.
"ముక్కుకి ఉపవాసం లేదు, విస్తిన్" అన్నాడు నవ్వుతూ.

నిన్న పాపసంకీర్తనంలో అన్నీ చెప్పాను:
కట్టెలవాణ్ణి తిట్టిన బూతులు,
వర్షం వంక పెట్టి ఎగ్గొట్టిన పూజ.
అన్న స్పిరు పేరు మాత్రం
నాలుక చివరిదాకా వచ్చి అంగిలికి అంటుకుపోయింది.
నాన్న నాకు పొయ్యి ఇచ్చాడు, వాడికి అప్పులిచ్చాడు.
పదకొండేళ్లు.

మొన్నటి ఎండకి వాడి కొట్లో
నాన్ననాటి పులుపుముద్ద చచ్చిపోయిందట.
ఇవాళ, చొక్కా గుండీలు పెట్టుకుంటూ పెట్టుకుంటూ ఆగి,
నా జాడీలోంచి గుప్పెడు తీసి
తడిగుడ్డ కప్పి వాడి గుమ్మానికి పట్టుకెళ్లాను.
బనీనుతోనే తలుపు తీశాడు.
క్షమించమని అడగడానికి వెళ్లిన నోరు
"తడి ఆరనీకు" అంది.
"తెలుసు" అన్నాడు.
తలుపు వేసేశాడు,
గట్టిగా మాత్రం కాదు.

గుడి చేరేసరికి
ఒక గడియారంలో ఏడు ముక్కాలు, ఇంకోదాంట్లో పదిన్నర.
లోపల వరస అయిపోవచ్చింది.
డున్ లాజరు చేతిలో పాత్ర అడుగు మెరుస్తోంది.
నా వెనక ఇంకొక్క మనిషే:
ముసలి ఫిలుమెనాకి సేవ చేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి, మారిఫె.
శుక్రవారం ఆమెకి పాత రొట్టె అమ్మి
కొత్తదాని ధర తీసుకున్నాను.
అదీ చెప్పలేదు నిన్న.

ఉన్న ఒక్క అప్పాన్నీ ఆయన విరిచాడు.
టక్కుమని చిన్న చప్పుడు.
నా రొట్టె ఏదీ అలా విరగదు.
పులుపు లేదు, ఉప్పు లేదు, పొంగు లేదు.
చేసేవాడిగా చెప్పాలంటే అదసలు రొట్టే కాదు.

"క్రీస్తు శరీరం."
చేతులు చాచాను.
గోళ్లలో ఎంత రుద్దినా పోని పిండి,
మణికట్టు మీద, చిన్నప్పుడు
స్పిరు పార తగిలి కాలిన మచ్చ.
"ఆమెన్."
సగమే.
సగమైనా మొత్తం ఆయనే అని చిన్నప్పుడు బల్ల మీద నిలబెట్టి వల్లెవేయించారు.
నా వెనక, నాది కాని ఒక ఆమెన్
మెల్లగా వినిపించింది.

మోకాళ్ల మీదికి వంగాను.
నోట్లో అది కరుగుతున్నంతసేపూ
ఒక్క ప్రార్థనా గుర్తుకు రాలేదు.
ఎక్కడో వాడి వంటింటి గట్టు మీద
గిన్నెకి కప్పిన తడిగుడ్డ
ఎవరూ చూడకుండా
కొంచెం కొంచెంగా లేస్తూ కనిపించింది.