మొదటి పూత

నా పని దీపం పట్టుకోవడం.
ఒత్తోరీనో మామయ్య కారు కింద వెల్లకిలా పడుకుని
"ఎడమకి" అంటే ఎడమకి,
"కాస్త కిందికి" అంటే కిందికి.
నాలుగు చలికాలాలు అలాగే గడిచాయి
బియెల్లాలో, వంటింటి కింది షెడ్డులో.
పైన ఎర్సీలియా అత్తయ్య పొలెంటా కలుపుతుంటే
గరిటె చప్పుడు మా నెత్తిమీదే.

ఆల్ఫా రోమియో. రెండే తలుపులు.
నాకన్నా పద్దెనిమిదేళ్లు పెద్దది.
కోళ్లఫారం మూల నుంచి ట్రాలీ మీద తెచ్చి
లోపలి తివాచీ ఎత్తితే నేల కనిపించింది.
కారు నేల కాదు, మా వాకిలి.
తుప్పు దాన్ని బిస్కెట్టులా తినేసింది
పిల్లలు తిన్నట్టు, అంచులు మాత్రం వదిలేసి.

ముందు విప్పడం.
మూతపడ్డ ఉన్నిమిల్లు నుంచి తెచ్చిన కప్పీతో
ఇంజన్ని పైకి లాగాం.
ఆ మిల్లులోనే ముప్పై ఒక్క ఏళ్లు రంగులు కలిపాడు మామయ్య.
వెంట్రుకవాసి తేడా వస్తే
లాటు లాటంతా తిప్పి పంపేవాడట.
అందుకే ప్రతి బోల్టుకీ పాత మిల్లు చీటీ, దారంతో కట్టి:
'లాటు 212. కుడి తలుపు కింది బందు. మొండిది.'
'లాటు 340. ఎక్కడిదో తెలీదు. పారేయకు.'

కార్బొరేటర్లు కిరసనాయిల్లో నానిన రాత్రి
జెట్టు ఒకటి దీపానికి అడ్డంపెట్టి చూపించాడు.
సూదిబెజ్జమంత వెలుగు.
"ఇంత బండీ తాగేది ఇందులోంచే."

మూడో ఏడు హెడ్డు బోల్టు ఒకటి లోపలే విరిగింది.
తిట్టలేదు. చేతులు కడుక్కుని మెట్లెక్కి వెళ్లాడు.
పదకొండు రోజులు దిగలేదు.
పన్నెండోరోజు ఏమీ జరగనట్టు
"దీపం," అన్నాడు.

తర్వాత రంగు.
నంబరు చెబితే డబ్బాలో పోసిస్తామన్నారు కొట్లో.
"నంబరు కళ్లులేనివాడికి," అన్నాడు.
పంతొమ్మిదేళ్లప్పుడు మిల్లు గేటు దగ్గర
వానలో ఒక్కసారి చూసిన పచ్చ అది.
కొండమీద పైన్ చెట్లు తడిస్తే వచ్చే పచ్చ.
గిన్నెలో కలిపాడు, చూశాడు, "పసుపు కొడుతోంది,"
ఇంకో చుక్క నీలం.
మళ్లీ చూశాడు. ఇంకో చుక్క.
బానెట్టు మీద ఆరాక
అది పచ్చ కాదు. నెమలికంఠం.

"సరిగ్గా కుదిరిందా, నీవెస్?"
"దీపం వెలుగులో ఏం తెలుస్తుంది, మామయ్యా."
ఆ దీపం పట్టుకున్నది నేనే.

మే నెలలో కుడికంటి శుక్లం తీశారు.
ఇన్నాళ్లూ ఆ కంటికి లోకం
పలచటి కషాయంలోంచి కనిపించిందని చెప్పింది డాక్టరు.
వారం తర్వాత షెడ్డు షట్టరు తనే ఎత్తాడు.
పగటివెలుగు కారు మీద పడింది.
చాలాసేపు నిలబడ్డాడు.
డిక్కీ తెరిచి, రబ్బరు ఎత్తి, గోటితో గీకాడు.
ఏ పిచికారీ చేరని మూల, అరచెయ్యంత మేర
పాత పచ్చ.
దాన్ని చూశాడు. దీన్ని చూశాడు. మళ్లీ దాన్ని.

"నీకెప్పుడు తెలిసింది?"
"మొదటి పూతకే."
"ఎన్ని పూతలేశాను?"
"ఆరు."
పైన గరిటె ఆగింది.

జేబులోంచి చీటీ తీశాడు.
పెన్సిలు నాలిక మీద తడిపి ఏదో రాసి
అద్దానికి కట్టాడు.
నాలుగోసారికి ఇంజన్ అందుకుంది,
దగ్గి, ఇంకోసారి దగ్గి, గొంతు సవరించుకుని.
తాళం నా వైపు జరిపి
తను పక్కసీట్లోకి మారాడు.

చెర్వో వాగు వంతెన మీద
చీటీ గాలికి తిరిగితే చదివాను:
'లాటు 1. తేడా ఉంది. తిప్పి పంపొద్దు.'
రోడ్డుకి అటూ ఇటూ పైన్ చెట్లు.
మామయ్య ఒకసారి వాటినీ, ఒకసారి బానెట్టునీ చూశాడు.
మలుపు దగ్గర మాత్రం
"ఎడమకి," అన్నాడు.